బ్లాక్ స్పేస్ కొనాలా, వద్దా: వాడి చూసిన ఫార్వర్డర్ సమీక్ష

ఫలానా ఫ్లైట్‌లో ప్రతి వారం ఇంత చోటు మనదే అని ముందుగా రాసుకునే ఏర్పాటును ఎయిర్ కార్గోలో బ్లాక్ స్పేస్ అగ్రిమెంట్ అంటాం. పొట్టిగా బీఎస్‌ఏ. మేం ఫార్వర్డర్లం, అంటే ఎగుమతిదారుల సరుకుకి విమానాల్లో చోటు చూసి పంపేవాళ్లం. మా ఎగుమతుల డెస్క్ ఒక అంతర్జాతీయ విమానయాన సంస్థ దగ్గర దీన్ని తీసుకుని వాడుతోంది. ఒప్పందంలో గోప్యత షరతు ఉంది కాబట్టి ఆ సంస్థ పేరు గానీ రేట్లు గానీ ఇక్కడ రాయను. తీర్పు మాత్రం మొదటే చెప్పేస్తాను. వారం వారం తప్పకుండా కదిలే సరుకు మీ చేతిలో ఉంటే బ్లాక్ తీసుకోండి, అదీ ఆ కదిలేదానికన్నా కొంచెం తక్కువకే తీసుకోండి. ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద షిప్‌మెంట్‌ని నమ్ముకుని తీసుకుంటే డబ్బు దండగ.

బ్లాక్ ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే మామూలు బుకింగ్ సంగతి తెలియాలి. బరువు, కొలతలు, డబ్బాల సంఖ్య పంపుతాం. సంస్థ సిస్టమ్ నుంచి కేకే అని వస్తే చోటు ఖాయం, ఎల్‌ఎల్ అని వస్తే వెయిట్‌లిస్ట్, యూయూ అని వస్తే లేదు. కేకే రాగానే ఫ్లైట్ నంబరు, తేదీ షిప్పర్‌కి, అంటే సరుకు పంపేవాడికి, వెళ్లిపోతాయి. అక్కణ్నుంచి కొనుగోలుదారుకి, అతని గోడౌన్‌కి, అక్కడ సరుకు దించుకోవాల్సిన లారీ వాళ్లకి. ఇంతమంది నమ్ముకున్న ఆ కేకే చెప్పేది నిజానికి చాలా తక్కువ. మనం అడిగిన క్షణంలో సిస్టమ్ లెక్కలో చోటు కనబడింది, అంతే.

సంస్థలు ఉన్న చోటుకన్నా ఎక్కువ అమ్ముతాయి. దానికి కారణం చాలావరకు ఫార్వర్డర్ల వైపే ఉంది. మామూలు బుకింగ్‌ని చివరి రోజున వదిలేసినా చాలాచోట్ల ఏమీ కట్టక్కర్లేదు. అందుకని ఒకే సరుకుకి రెండు మూడు సంస్థల దగ్గర చోటు పట్టి, చౌకగా తేలినదాంట్లో పంపి, మిగతావి వదిలేసేవాళ్లున్నారు. మూడు టన్నులు బుక్ చేసి రెండే తెచ్చేవాళ్లు ఇంకా ఎక్కువ. విమానం ఖాళీగా ఎగరకూడదు కాబట్టి సంస్థ ఆ అలవాటును లెక్కగట్టి అదనంగా అమ్ముకుంటుంది. మామూలు వారాల్లో ఆ లెక్క సరిపోతుంది. నెలాఖరున, త్రైమాసికం చివర, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, చైనా కొత్త సంవత్సరానికి ముందు వారాల్లో అందరూ బుక్ చేసినంతా తెస్తారు. అప్పుడు ఎవరిదో ఒకరిది మిగిలిపోతుంది.

ప్యాసింజర్ విమానం కింది డెక్‌లో, మేం బెల్లీ అంటాం, ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అక్కడ ముందు ప్రయాణికులు, వాళ్ల సామాను, దారికి సరిపడా ఇంధనం. వీటన్నిటి తర్వాత మిగిలిన బరువులో కార్గో. ఎదురుగాలి బలంగా ఉంటే ఇంధనం ఎక్కువ పోయాలి, ఆ మేరకు సరుకు తగ్గాలి. ఎండ మండే మధ్యాహ్నం గాలి పలచబడి టేకాఫ్ బరువుకి హద్దు పడుతుంది. 2022లో రష్యా గగనతలం ఐరోపా సంస్థలకు మూతపడ్డాక తూర్పు ఆసియాకి వాటి దారులు పొడవయ్యాయి, ఇంధనం పెరిగింది, ఆ విమానాలు మోయగలిగే సరుకు మీద ఒత్తిడి పడింది. ఇవన్నీ కాక అసలు విమానమే మారిపోవచ్చు. బోయింగ్ 777-300ఈఆర్ కింద ఎల్‌డీ3 అనే సైజు కంటైనర్లు 44 పడతాయి. దాని బదులు 787-9 వస్తే 36. తేడా ఎనిమిది స్థానాలు. వాటిని చూసి కన్ఫర్మ్ చేసిన సరుకంతా టెర్మినల్‌లోనే ఆగిపోతుంది.

అలాంటి రోజున ఎవరి సరుకు ఎక్కాలి, ఎవరిది ఆగాలి అన్నదానికి ఒక వరస ఉంటుంది. బ్లాక్ స్పేస్‌తో మనం కొనేది ఆ వరసలో స్థానాన్ని. అమ్మేటప్పుడు దీన్ని హామీ అంటారు. నేను వాడినంతలో దాన్ని ముందు వరస అనడమే సబబు. తపాలా, ఎక్స్‌ప్రెస్ రేటు కట్టిన సరుకు, బతికున్న జంతువులు, ఎక్కడో నేల మీద ఆగిపోయిన విమానానికి అర్జెంటుగా వెళ్లే విడిభాగాలు, ఉష్ణోగ్రత తప్పకూడని మందులు మనకన్నా ముందుంటాయి. వాటి తర్వాత హార్డ్ బ్లాక్, ఆ వెనక సాఫ్ట్ బ్లాక్ (ఈ రెండిటి తేడా కింద చెబుతాను), ఆఖరున రోజువారీ రేటుకి బుక్ అయిన స్పాట్ సరుకు. సంస్థ సంస్థకీ కొంత తేడా ఉంటుంది. పీక్‌లో, అంటే రద్దీ కాలంలో, భారీ రేటు కట్టిన స్పాట్ సరుకు సాఫ్ట్ బ్లాక్‌ని వెనక్కి తోసేయడం కూడా చూశాను. అందుకే సాఫ్ట్ అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి.

హార్డ్ బ్లాక్‌లో తెచ్చినా తేకపోయినా డబ్బు కట్టాలి. వాడని చోటుకి కట్టేదాన్ని డెడ్ ఫ్రైట్ అంటారు. సాఫ్ట్ బ్లాక్‌లో ఇంత గడువులోపు వద్దని చెబితే ఏమీ కట్టక్కర్లేదు. మా ఒప్పందంలో ఆ గడువు బయలుదేరడానికి 72 గంటల ముందు. చదవడానికి సాఫ్టే మంచి బేరంలా ఉంటుంది. కానీ 72 గంటల ముందు మన సరుకు ఎక్కడుంటుంది? చాలాసార్లు ఫ్యాక్టరీలోనే, ప్యాకింగ్ కూడా పూర్తికాకుండా. షిప్పర్ రేపు చెబుతానంటాడు, గడువేమో ఇవాళ సాయంత్రం. వదిలేస్తే చోటు పోతుంది, ఉంచుకుంటే డెడ్ ఫ్రైట్ ప్రమాదం. అంటే మూడు రోజుల ముందే ఖచ్చితంగా చెప్పగలిగిన సరుకుకే సాఫ్ట్ బ్లాక్ పనికొస్తుంది. అంత ఖచ్చితంగా చెప్పగలిగితే హార్డే తీసుకోవచ్చు, రేటూ బాగుంటుంది. ఈ కారణంగానే మేం ప్రతి వారం ఉండే కనీస సరుకుకి హార్డ్ తీసుకుని, దాని పైన కొద్దిపాటి సాఫ్ట్ పెట్టుకున్నాం. మిగతాది రోజువారీ బుకింగ్. ఈ పంపకం మాకు బాగా కుదిరింది.

ఎంత కుదిరిందో ఒక పీక్ వారాంతంలో తెలిసింది. అంతకుముందు చెప్పిన విమాన మార్పే, 777 బదులు 787. సాయంత్రం కార్గో సేల్స్ నుంచి ఫోన్. మా సరుకు ఆ ఫ్లైట్‌లో మూడు రకాలుగా ఉంది: హార్డ్ బ్లాక్ మీద మేమే కట్టిన పాలెట్లు (సరుకు పేర్చి బిగించే పలకలు), సాఫ్ట్ కింద ఒకటి, విడిగా ఇచ్చిన కొన్ని డబ్బాలు. హార్డ్ పాలెట్లు ఎక్కాయి. సాఫ్ట్‌ది మర్నాటి ఫ్లైట్‌కి వెళ్లింది. విడి డబ్బాలు సగం వెళ్లి సగం ఆగాయి, ఒకే ఎయిర్‌వే బిల్లు (విమాన రవాణా పత్రం) కింద సరుకు రెండు ఫ్లైట్లలో చీలిపోయింది. ఆ చీలిన దానికి అవతలి దేశంలో క్లియరెన్స్ చేయించడానికి మా ఏజెంట్ పడ్డ అవస్థ మామూలుది కాదు. అసలు ఏమీ ఎక్కకపోవడం కన్నా సగం ఎక్కడం ఎంత ఇబ్బందో దిగుమతి వైపు పనిచేసినవాళ్లకి తెలుసు. ఒకే రాత్రి, ఒకే విమానం, ఒకే ఫార్వర్డర్. మూడు రకాల బుకింగ్‌కి మూడు ఫలితాలు. బ్లాక్ విలువ గురించి నన్నెవరైనా అడిగితే ఇదే చెబుతాను.

ఇక లెక్కల సంగతి. బ్లాక్‌ని కిలోల్లో తీసుకోవచ్చు, లేదా పాలెట్ స్థానాల్లో తీసుకోవచ్చు. స్థానాల్లో తీసుకోమనే నా సలహా. పీఎంసీ అనే రకం పాలెట్ పలక 318 సెంటీమీటర్లు పొడవు, 244 వెడల్పు. బెల్లీలో ఎత్తు హద్దు సుమారు 160 సెంటీమీటర్లు. కోణాలు పోగా దాదాపు 11 ఘనపు మీటర్లు సర్దుకోవచ్చు. దీనికి పివట్ వెయిట్ అని ఒక కనీస బరువు ఉంటుంది. అంతవరకు ఎంత ఎక్కించినా ఒకటే ధర, దాటిన ప్రతి కిలోకి విడిగా తక్కువ రేటు. ఈ ఏర్పాటులో ఫార్వర్డర్ పనితనానికి ఫలితం దక్కుతుంది.

ఎలాగో చూడండి. విమాన సరుకులో 6000 ఘనపు సెంటీమీటర్లని ఒక కిలోగా లెక్కగడతారు, అంటే ఒక ఘనపు మీటరుకి సుమారు 167 కిలోలు. అసలు బరువు, ఈ లెక్క బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. ఇప్పుడు ఒక షిప్పర్‌వి ఇనుప విడిభాగాలు: 4 ఘనపు మీటర్లు, 1600 కిలోలు. ఇంకొకరివి రెడీమేడ్ బట్టలు: 6 ఘనపు మీటర్లు, 500 కిలోలు. విడివిడిగా పంపితే విడిభాగాలకి 1600 కిలోలు, బట్టలకి లెక్క బరువు 1000 కిలోలు, మొత్తం 2600కి బిల్లు. రెండూ కలిపి ఒకే పాలెట్ మీద కడితే 10 ఘనపు మీటర్లు, అసలు బరువు 2100, లెక్క బరువు 1667. సంస్థ మన దగ్గర తీసుకునేది 2100కి. ఆ 500 కిలోల తేడా బరువునీ పరిమాణాన్నీ జోడీ కుదర్చగలిగిన వాడిది. ఇనుము కింద, బట్టలు పైన, అంచుల దగ్గర ఖాళీ మిగలకుండా కట్టే మనిషి గోడౌన్‌లో ఉంటే బ్లాక్ నష్టం రాదు. పాలెట్లు కట్టే మా బిల్డప్ బృందంలో అలాంటివాళ్లున్నారు, ఈ ఏర్పాటు మాకు లాభసాటిగా ఉండటంలో సగం వాళ్ల చేతి పనే. బ్లాక్ తీసుకునే ముందు రేటు షీట్ చూడటం ఎంత ముఖ్యమో, మీ దగ్గర పాలెట్ కట్టేవాళ్లు ఎవరో చూసుకోవడం అంతే ముఖ్యం.

మనం కట్టి ఇచ్చే పాలెట్‌కి ఇంకో మేలుంది. విడి సరుకుకన్నా కట్‌ఆఫ్, అంటే టెర్మినల్‌కి అప్పగించాల్సిన ఆఖరి గడువు, ఆలస్యంగా ఉంటుంది, ఎందుకంటే టెర్మినల్ వాళ్లు మళ్లీ కట్టే పని లేదు. ఫ్యాక్టరీ నుంచి లారీ ఆలస్యమైన రోజున ఆ కొద్ది గంటలే సరుకుని కాపాడతాయి. పైగా విమానంలో చోటు తగ్గినప్పుడు కట్టి ఉన్న పాలెట్‌ని విప్పి సగం తీయడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఎక్కితే మొత్తం ఎక్కుతుంది, ఆగితే మొత్తం ఆగుతుంది. చీలిపోయే బాధ లేదు.

సేవ చేసే మనుషుల గురించి కూడా రాయాలి, ఎందుకంటే బీఎస్‌ఏ తీసుకున్నాక మనకి దక్కేదాంట్లో అదీ ఒక భాగం. మాకు ఒక ప్రత్యేక సేల్స్ వ్యక్తి, రాత్రి పూట కూడా ఫోన్ ఎత్తే కెపాసిటీ డెస్క్ దొరికాయి. విమానం మారుతోందన్న కబురు స్టేటస్ మెసేజ్ కన్నా ముందు ఫోన్‌లో వస్తుంది. షిప్పర్‌కి చెడు వార్త కొన్ని గంటల ముందు చెప్పగలగడం మా పనిలో పెద్ద విషయం, అవతలి గోడౌన్ వాళ్లు లారీని ఆపుకోగలరు. ఈ ఒక్క విషయంలో వాళ్లకి పూర్తి మార్కులు. వాళ్ల లెక్కల విభాగానికి అన్ని మార్కులు ఇవ్వలేను. ఫ్లైట్ వాళ్లే రద్దు చేసిన వారానికి కూడా డెడ్ ఫ్రైట్ బిల్లు వేసి పంపారు. అడిగితే తీసేశారు గాని, సెటిల్‌మెంట్ గడువు దాటే లోపు వివాదం నమోదు చేయకపోయి ఉంటే ఆ డబ్బు కట్టాల్సి వచ్చేది. ప్రతి ఫ్లైట్‌కీ మనం ఇచ్చిన బరువు, వాళ్లు అంగీకరించిన సమయం, ఎక్కించిన స్టేటస్, ఈ మూడూ మన దగ్గర విడిగా రాసి ఉంచుకోవాలి.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఒప్పందంలోని ఒక వాక్యం. నిర్వహణ కారణాల వల్ల విమానం మారినా, షెడ్యూలు మారినా సంస్థకి బాధ్యత లేదని ఉంటుంది. మనం తేకపోతే మనం కట్టాలి. వాళ్లు ఎక్కించకపోతే తర్వాతి ఫ్లైట్‌లో పంపుతారు, అంతే. రెండు వైపులా ఒకే బరువు లేని తూకం ఇది. దీన్ని మామూలు నమూనా షరతు అని తోసేస్తారు, చాలామంది ఫార్వర్డర్లు చదవకుండానే సంతకం పెడతారు. దయచేసి చదవండి. కనీసం రెండు విషయాలు రాయించుకోండి. విమానం చిన్నదైతే బ్లాక్ సరుకుని ఏ వరసలో తగ్గిస్తారో. ఆగిన సరుకు ఎన్ని గంటల్లోపు కదలకపోతే ఆ వారం హార్డ్ డబ్బు మాఫీ అవుతుందో.

మాట నిలబడటం గురించి ఈ రంగానికి చేదు జ్ఞాపకాలు రెండు వైపులా ఉన్నాయి. 2020లో ప్యాసింజర్ విమానాలు నేల మీద నిలిచిపోయాయి. ప్రపంచంలో విమాన సరుకు చోటులో దాదాపు సగం మోసే బెల్లీ కొద్ది వారాల్లోనే చాలావరకు కనుమరుగైంది. మాస్కులు, పీపీఈ కిట్లు సీట్ల మీద కట్టి పంపిన కాలం అది. అప్పుడు పాత రేట్ల బ్లాకులు పక్కన పెట్టి కొత్త రేటు చెప్పిన సంస్థలున్నాయి. తర్వాత 2022 చివరికొచ్చేసరికి రేట్లు పడిపోయాయి. పై రేటుకి ఏడాది బ్లాకు పెట్టుకున్న ఫార్వర్డర్లు సరుకు తేవడం మానేసి, మళ్లీ మాట్లాడదాం రమ్మన్నారు. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలై నౌకలు గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిరగడం మొదలుపెట్టగానే మళ్లీ అందరూ విమానం వైపు పరిగెత్తారు, బ్లాక్ కావాలని. ఒప్పందం ఉన్నా మార్కెట్ ఒక దిక్కుకి గట్టిగా లాగినప్పుడు నిలబడేది ఇద్దరి మధ్యా ఏళ్లుగా ఉన్న లావాదేవీ. అందుకే నేను సరుకు తక్కువగా ఉండే వారాల్లో కూడా, స్పాట్ రేటు మా బ్లాక్ రేటుకన్నా తక్కువ దొరికినా, బ్లాక్‌నే నింపుతాను. మా లెక్కల వాళ్లు అడుగుతారు ఎందుకని. ఫిబ్రవరిలో ఖాళీగా వదిలేసిన చోటు నవంబరులో మనకి ఎవరూ పట్టి ఉంచరు.

ఎంతకాలానికి తీసుకోవాలన్నదీ ఇక్కడే తేలుతుంది. సంస్థల షెడ్యూళ్లు మార్చి చివరి ఆదివారం నుంచి వేసవి, అక్టోబరు చివరి ఆదివారం నుంచి శీతాకాలం. బ్లాకులూ ఆ లెక్కనే ఆరు నెలలకి మాట్లాడటం పాత పద్ధతి. గత కొన్నేళ్లలో మూడు నెలలవి, అంతకన్నా చిన్నవి కూడా బాగా నడుస్తున్నాయి. నాకు ఆరు నెలలదే నచ్చుతుంది, రేటుని ఇంధన సర్‌చార్జికి ముడిపెట్టి మధ్యలో సవరించుకునే వీలుంటే.

బ్లాక్ కొనేంత సరుకు లేని చిన్న ఫార్వర్డర్లకి వేరే దారులున్నాయి. ఒకటి కో-లోడింగ్: పలువురి సరుకు కలిపి పంపే పెద్ద కన్సాలిడేటర్ తన బ్లాక్‌లో మన సరుకు ఎక్కిస్తాడు. వారానికి కొన్ని వందల కిలోలే ఉన్నవాళ్లకి ఇది నిజంగా మంచిది. కాకపోతే మాస్టర్ బిల్లు, అంటే విమాన సంస్థ ఎయిర్‌వే బిల్లు, అతని పేరు మీద ఉంటుంది, సంస్థ మనతో మాట్లాడదు. ఆఫ్‌లోడ్ అయితే, అంటే సరుకు ఎక్కకుండా ఆగిపోతే, కబురు రెండు చేతులు మారి వస్తుంది. అతని బ్లాక్‌లో చోటు తగ్గితే ముందు దిగేది అతని సొంత ఖాతాదారుడి సరుకా, మనదా అన్నది అడిగి తెలుసుకోండి. సూటిగా జవాబు చెప్పేవాడితోనే పని పెట్టుకోండి.

రెండోది ఆన్‌లైన్ బుకింగ్ వేదికలు. కార్గో.వన్, వెబ్‌కార్గో, కార్గోఏఐ లాంటివి. చాలా సంస్థల చోటు, రేటు ఒకే తెర మీద కనిపిస్తాయి, నిమిషాల్లో బుకింగ్ అయిపోతుంది. ఈమెయిల్ పంపి మర్నాడు జవాబు కోసం కూర్చున్న రోజులతో పోలిస్తే ఇది ఎంతో మేలు, ముఖ్యంగా 45 నుంచి 300 కిలోల లోపు సరుకుకి. మా స్పాట్ బుకింగ్‌లన్నీ ఇప్పుడు తెర మీదే. అయితే తెర మీద వచ్చిన కన్ఫర్మేషన్ కూడా అదే కేకే. వేగంగా వచ్చింది కాబట్టి గట్టిదని అనుకోకూడదు.

బ్లాక్ ఉన్నా పనికిరాని సందర్భాలు కొన్ని ఉన్నాయి, అవి ముందే తెలుసుకోవాలి. విడిగా ప్యాక్ చేసిన లిథియం అయాన్ బ్యాటరీలు, ప్రమాదకర సరుకుల జాబితాలో యూఎన్ 3480 కింద వచ్చేవి, 2016 ఏప్రిల్ 1 నుంచి ప్యాసింజర్ విమానాల్లో సరుకుగా వెళ్లకూడదు. ఫ్రైటర్‌లోనే, అంటే సరుకు మాత్రమే మోసే విమానంలోనే, అదీ చార్జి 30 శాతం మించకుండా. బెల్లీ బ్లాక్ ఎన్ని టన్నులున్నా వాటికి లాభం లేదు. ఎత్తు 160 సెంటీమీటర్లు దాటిన పెట్టె కూడా అంతే, దానికి ఫ్రైటర్ పై డెక్ కావాలి. 777 ఫ్రైటర్ సుమారు వంద టన్నులు మోస్తుంది, పై డెక్‌లో 27 పాలెట్ స్థానాలున్నాయి. మరీ పొడవైన యంత్ర భాగాలకి ముక్కు ఎత్తి ఎక్కించే 747 ఫ్రైటర్లు కావాలి. ఆఖరి 747 ఫ్యాక్టరీ నుంచి 2023 జనవరి 31న కొనుగోలుదారుకి వెళ్లిపోయింది. ఉన్నవి పాతబడుతున్న కొద్దీ ఈ చోటు దొరకడం కష్టమవుతుంది. అలాంటి సరుకు తరచూ పంపేవాళ్లు బెల్లీ బ్లాక్‌తో పాటు ఫ్రైటర్ నడిపే సంస్థతో విడిగా సంబంధం పెట్టుకోవాల్సిందే.

కాగితాల వైపు కూడా చోటు చేజారుతుంది. ఐరోపా సమాఖ్యకి వెళ్లే, దాని మీదుగా పోయే విమాన సరుకుకి 2023 మార్చి 1 నుంచి ఐసీఎస్2 అనే అక్కడి కస్టమ్స్ వ్యవస్థ రెండో దశ కింద, ఎక్కించక ముందే హౌస్ బిల్లు (ఫార్వర్డర్ ఒక్కో షిప్పర్‌కి ఇచ్చే బిల్లు) స్థాయిలో వివరాలు వెళ్లాలి, సరుకు రకాన్ని తెలిపే ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్ కూడా ఇవ్వాలి. వివరణలో విడిభాగాలు అనో సాధారణ సరుకు అనో రాసి ఊరుకుంటే వెనక్కి ప్రశ్నలు వస్తాయి, జవాబు వెళ్లేదాకా పాలెట్ ఎక్కదు. అలా ఒక్క హౌస్ బిల్లు వల్ల పాలెట్ మొత్తం ఆగితే అందులో ఉన్న మిగతా షిప్పర్ల సరుకూ ఆగుతుంది, డెడ్ ఫ్రైట్ మనకే పడుతుంది. అందుకే మా దగ్గర వివరణ, కోడ్ సరిచూడని సరుకుని బ్లాక్ పాలెట్ దగ్గరికి రానివ్వరు. అది విడి సరుకుగా వెళుతుంది.

మార్కులు ఇవ్వాలంటే సరుకు ఎక్కించడంలో ఐదుకి నాలుగున్నర, కబురు అందించడంలో ఐదు, బిల్లింగ్‌లో మూడు, ఒప్పందంలోని సమతూకానికి రెండు. రెండు ఇచ్చినా కొనసాగిస్తున్నాను, ఎందుకంటే పీక్‌లో మా ఖాతాదారులకి తేదీ చెప్పి నిలబెట్టుకోగలుగుతున్నాం. దీని ముందు అది చేయలేకపోయేవాళ్లం.

వేసవి షెడ్యూలుకి కొత్త ఒప్పందం ముసాయిదా వచ్చింది. హార్డ్ స్థానాలు అంతే ఉంచమన్నాను. సాఫ్ట్ గడువు 72 గంటల నుంచి 48కి తగ్గించమన్నాను, రేటు కొంచెం పెరిగినా సరేనన్నాను. విమానం చిన్నదైన రోజున హార్డ్ పాలెట్లు ఏ వరసలో దిగుతాయో, 48 గంటల్లో కదలకపోతే ఆ వారం డబ్బు మాఫీ అని ఒక వాక్యం కలిపి తిరిగి పంపాను. గడువు విషయంలో ఒప్పుకున్నారు. ఆ వాక్యం దగ్గర వాళ్ల న్యాయ విభాగం ఇంకా ఆలోచిస్తోంది. అది రాతలోకి వచ్చాకే సంతకం పెడతామని చెప్పాం.